ద్రాక్షాసవానికి డెబ్భై ఏడు దొప్పలు

1946వ సంవత్సరం ఫిబ్రవరి 7, గురువారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు ఈ వ్యవహారం మొదలైంది. వకీలుగారి హాల్లో గడియారం నాలుగు నిమిషాలు ముందు నడిచేది. ఆ నాలుగూ తీసేసే రాస్తున్నాను.

ప్రతి గురువారం పన్నెండుమంది ఆడవాళ్ళం ఆ హాల్లో చేరేవాళ్ళం. బెల్లం కొట్ల వెనక వీధిలో ఉండేది ఆ ఇల్లు. కిటికీ తెరిస్తే పాకం వాసన, ఎడ్లబళ్ళ చప్పుడు. పేరుకి నూలు వడకడానికే చేరేవాళ్ళం, కాని రెండు గంటల్లో గంటన్నర కబుర్లే. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. కాపురానికి వచ్చి పధ్నాలుగు నెలలు. చదువుకున్న పిల్లనని హాజరు పుస్తకం నా చేతికిచ్చారు. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు ఎన్ని చిలపల నూలు వడికారు అని రాయడం నా పని. ఆ పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. అందులో లేనిది ఇక్కడ రాయను.

ఆ రోజు విశాఖపట్నం నుంచి ఎండుద్రాక్ష మూట వచ్చింది. యుద్ధం ముగిసినా ద్రాక్ష దొరకడం గగనంగానే ఉండేది. ఎనిమిది నెలల తరవాత అదే మొదటి మూట, మూడున్నర వీశలు. మాలో ఏడిళ్ళవాళ్ళు ద్రాక్షాసవం పెట్టేవారు. అంటే ఎండుద్రాక్ష కషాయంలో బెల్లం, తేనె, పులియడానికి ఆరెపువ్వు, సుగంధద్రవ్యాలు కలిపి, నెయ్యి రాసిన జాడీలో పోసి, మూతికి గుడ్డ కట్టి, మట్టి మెత్తి, వడ్లలో నలభై రోజులు పాతిపెట్టడం. తీసేసరికి పులిసి, తేరి, ఎర్రగా దిగేది. బాలింతలకీ, అన్నం సయించని వాళ్ళకీ పూటకి రెండు చెంచాలు ఇచ్చేవారు. దాన్ని సారా అని ఎవరైనా అని ఉంటే మేమందరం లేచి వెళ్ళిపోయి ఉండేవాళ్ళం. ఇప్పుడు దాచడం దేనికి, దొరలు వైను అని బల్లమీద పెట్టుకునేది ఇంచుమించు దీన్నే.

మూట విప్పగానే తగువు వచ్చింది. వకీలుగారి భార్య అంది:

"ఏడిళ్ళకీ పంచితే తలా చారెడు. చారెడుతో ఏం ఆసవం దిగుతుందమ్మా? ఒక్క చేతికిచ్చెయ్యండి. ఆ చెయ్యే అందరికీ పెడుతుంది."

"ఆ ఒక్క చెయ్యీ మీదేనా?" అంది మా అత్తగారు.

"నాదని నేనన్నానా? మా అమ్మాయి పురిటికి మూడిళ్ళ ఆసవం తాగింది. ఏది నిలబెట్టిందో దాన్నే అడగండి."

"అడిగేం. మూడూ చేదేనంది."

అందరూ నవ్వారు. మా ఇంటి పెద్దత్తగారు నవ్వలేదు. ఈవిడ మా మామగారి అక్కగారు. ఇరవై రెండేళ్ళకి భర్త పోతే తమ్ముడింటికి వచ్చేసింది. అప్పటికి ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. మా ఇంట్లో పెత్తనం మా అత్తగారిది, తాళాలు మా అత్తగారివి. పెద్దత్తగారికి ఉన్నదల్లా వంటింటి వెనక చీకటి గది, అందులో మూడు జాడీలు. కాని ఊళ్ళో ఎవరింట పురుడు జరిగినా మా గుమ్మంలోకి వచ్చి, "ఆసవం అమ్మగారున్నారా?" అని అడిగేవారు. మా అత్తగారి కోసం కాదు, ఆవిడ కోసం.

నేను అప్పుడు నోరు తెరిచాను. ఏడుగురికీ అరవీశ చొప్పున ఒకే మూటలోంచి ద్రాక్ష ఇద్దామన్నాను. బెల్లం ఒకే కొట్లోది, ఒకే తూకం. ఆరెపువ్వు గొలుగొండ కొండలనుంచి వచ్చేది, అదీ సమానమే. అప్పుడు తేడా చేతిదే అవుతుంది. నలభై రోజుల తరవాత ఎవరిది ఏదో తెలియకుండా అంకెలు వేసి రుచి చూద్దాం. ఎక్కువమంది మెచ్చిన చేతికి ఇకమీదట వచ్చే ద్రాక్షంతా ఇద్దాం. మిగతావాళ్ళు ఆసవం మానెయ్యాలి.

అందరూ బాగుందన్నారు. ఇంటికొస్తూ దారిలో పెద్దత్తగారు నాతో అంది:

"మంచి ఏర్పాటే చేశావే పిల్లా. నాది ఓడితే ఆ గదిలో మీ అత్త కందిపప్పు బస్తాలు పెట్టుకుంటుంది. నన్నెక్కడ పెడుతుందో మరి!"

నవ్వుతూనే అంది. నేను మాత్రం అప్పుడే ఆలోచించాను, ఏం చేశానా అని.

మర్నాడు, ఫిబ్రవరి 8న, ఏడిళ్ళలోనూ జాడీలు మట్టి మెత్తారు. మార్చి 20 బుధవారానికి సరిగ్గా నలభై రోజులు. ఆ ఉదయం పెద్దత్తగారు వడ్లు తోడి జాడీ పైకి తీసి, ఒక గరిటెడు వడపోసి, నాలుగు చుక్కలు ఎడమ అరచేతిలో వేసుకుంది. రెండో చేతి వేలితో రుద్దింది. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఉంది. తరవాత నాలుకతో ఒక్కసారి తాకి, "దిగింది" అంది. చెయ్యి కడుక్కుంది. ఆ జాడీలో పద్దెనిమిది సోలలు వచ్చింది. ఒక సోలకి నాలుగు గిద్దెలు. రెండు సోలలు సీసాలో పోసి పరీక్షకి నా చేతికిచ్చింది. రంగు దానిమ్మ గింజలాగ ఉంది.

ఆవిడ ముక్కు సంగతి ఇక్కడే రాయాలి. మా ఇంట్లో దేవుడికి నైవేద్యం కాకుండా వంట నోట్లో పెట్టుకోరు. ఉప్పు సరిపోయిందో లేదో పెద్దత్తగారే చెప్పేది, వాసన చూసి. పులుసు పొంగుతుంటే గుమ్మంలో నిలబడి, "ఇంకో చిటికెడు" అనేది. పధ్నాలుగు నెలల్లో రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ ఆవిడకి జలుబు.

మార్చి 21, గురువారం, మూడు గంటలకి అందరం చేరాం. ఏడు సీసాలకీ సుద్దముక్కతో అంకెలు వేశాను. ఏ అంకె ఎవరిదో నాకొక్కదానికే తెలుసు కాబట్టి నేను రుచి చూడలేదు. మిగిలినవాళ్ళు పదకొండుమంది. ఒక్కొక్కరికి ఒక్కో సీసాలోంచి అర గిద్దె. మధ్యలో ఒక గుక్క నీళ్ళు, నాలుగు పేలాలు. చివర తలా ఒక చింతపిక్క తమకు నచ్చిన సీసా ముందు పెట్టాలి. ముందు రంగు చూశాం. కిటికీ దగ్గర వెలుగుకి ఎత్తి పట్టుకుంటే ఒకటి మందారం, ఒకటి ఇటుక, ఒకటి మరీ నల్లగా కాఫీ కషాయంలాగ. తేరింది ఏది, మడ్డి ఉన్నది ఏది అని నేను రాసుకున్నాను. నా నియమాల్లో లోటేమీ లేదనుకున్నాను.

మాలో చాలామంది గ్లాసు ఎంగిలి చెయ్యరు. గ్లాసు పైకెత్తి, తల వెనక్కి వంచి, ధారగా గొంతులో పోసుకుంటారు. నీళ్ళైనా, కాఫీ అయినా, ఆసవమైనా అంతే. అదొక పద్ధతని కూడా ఎవరికీ తోచదు, నడకలాగ. మాలో ఒక్కావిడే పెదవికి ఆనించి తాగేది. ఆవిడది మునగపాక, చెరుకూ వరీ పండించే ఇల్లు. పిల్లల చదువులకని అనకాపల్లిలో కాపురం పెట్టారు. అందరం ఆవిణ్ణి వదినా అనేవాళ్ళం. ఆవిడకి వేరే గ్లాసు ఇచ్చాం. ఆవిడ దాన్ని పట్టించుకోలేదు కూడా.

"ఏటి వదినా, అంతసేపు నాకుతున్నావు? అర గిద్దెకి అరగంటా?" అంది వకీలుగారి భార్య.

"మరేటి సెయ్యమంతారు? మీరు తాగుతన్నారా, నూతిలో సేద యేత్తన్నారా? నాలిక్కి తగలకుండా నేరుగా కడుపులోకి ఎళ్ళిపోతంది. కడుపుకేటి తెలుత్తాది రుసి!"

హాలంతా గొల్లుమంది. అప్పటికి నాలుగో సీసా అయింది. అలవాటు లేని కడుపులు, నవ్వులు కొంచెం ఎక్కువగానే వస్తున్నాయి. మా అత్తగారు పేలాలు వేలితో లెక్కపెడుతూ రెండుసార్లు తప్పి, "ఇవి కదులుతున్నాయే" అంది. "బయట ఎవరైనా చూస్తే మనది సారా కొట్టనుకుంటారు, తలుపు వెయ్యండి" అందింకొకావిడ. నేను కూడా నవ్వాను. వదిన అన్న మాట వేళాకోళానికని పుస్తకంలో రాశాను, అంతే.

పిక్కలు లెక్కపెట్టాను. నాలుగో సీసాకి ఏడు. రెండోదానికి మూడు. అయిదోదానికి ఒకటి. నాలుగో సీసా వకీలుగారి భార్యది. అయిదోది పెద్దత్తగారిది.

అంకెలు చదివాక వకీలుగారి భార్య పొంగిపోయింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. వెంటనే పెద్దత్తగారి చెయ్యి పట్టుకుని, "మీ దగ్గర నేర్చుకున్నదే కదండీ" అంది. పెద్దత్తగారు ఆ మాట విన్నట్టు లేదు. నా పుస్తకం వైపు వంగి మెల్లిగా అడిగింది:

"నా పిక్క దేనికి పడిందే?"

ఎవరి పిక్క ఎక్కడ పడిందో రాసి ఉంది. చెప్పక తప్పలేదు. "నాలుగుకండీ."

"అయితే నా చేతిది నాకే తెలియలేదన్నమాట."

ఓడినందుకు ఆవిడకి బాధ లేదు. ఓడితే ఆ సంగతి అంతటితో పోయేది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తన ముక్కునీ నాలుకనీ నమ్ముకుని బతికిన మనిషి, ఆ రెండూ పోయాయనుకుంది. ఆ రాత్రి వంట దగ్గర పులుసు పొంగింది. నేను గుమ్మం వైపు చూశాను. ఆవిడ జపమాల తీసుకుని వీధి అరుగుమీద కూర్చుంది. "ఉప్పు ఎవరినైనా చూసుకోమను" అంది. ఆ పూట పులుసు చప్పగా ఉంది. మర్నాడు కటిక ఉప్పు. మా మామగారు రెండు పూటలూ మజ్జిగ ఎక్కువ పోసుకున్నారు.

మార్చి 23, శనివారం మధ్యాహ్నం రెండున్నరకి, హాజరు పుస్తకంలో చిత్తుగా రాసిన పేజీని శుభ్రంగా ఎత్తి రాస్తున్నాను. అయిదో సీసాకి పడ్డ ఆ ఒక్క పిక్క మునగపాక వదినది. దాని కిందే ఆవిడ మాట రాసి ఉంది, నేరుగా కడుపులోకి ఎళ్ళిపోతంది అని. కలం ఆగిపోయింది. బుధవారం ఉదయం పెద్దత్తగారు ఎలా రుచి చూసింది? అరచేతిలో రుద్ది, వాసన పట్టి, నాలుక చివర. గురువారం నలుగురిలో చెయ్యి నాకడం మర్యాద కాదని అందరిలాగే ఎత్తి పోసుకుంది. ధారగా గొంతులో పడితే తీపి ఒక్కటే తెలుస్తుంది. వాసన లేదు, ఒగరు లేదు, వెనక వచ్చే కారం లేదు. పదకొండుమందిలో పదిమంది గొంతుతో తీర్పు చెప్పారు. నేను ద్రాక్ష తూచాను, బెల్లం తూచాను, పేలాలు కూడా లెక్కపెట్టాను. తాగే తీరు ఒక్కటి వదిలేశాను.

పరిగెత్తుకుని చీకటి గదిలోకి వెళ్ళాను. జాడీ బోర్లించి ఉంది. మూత రెండు ముక్కలు.

"పొద్దున్న పది గంటలకి అరటి చెట్లకి పోసేశాను. నీకెందుకే ఇప్పుడు?" అంది పెద్దత్తగారు. "రుచి తెలియని దాని చేతిది బాలింతల నోట్లో పొయ్యకూడదు."

నాలుగున్నర గంటలు. పేజీ పొద్దున్నే రాసి ఉంటే ఆ జాడీ నిలిచేది. ఇప్పటికీ అది నా తప్పే.

కాని పరీక్ష సీసాలు నా పెట్టెలో ఉన్నాయి, ఏడూ బిరడాలు బిగించి. రెండు సోలల్లో పదకొండు అర గిద్దెలు పోగా ఒక్కోదానిలో రెండున్నర గిద్దెలు మిగిలింది. చెంచాతో కొలిస్తే తలా రెండు చెంచాలకి సరిపోతుంది. ఆ సాయంత్రమే వకీలుగారింటికీ, మునగపాక వదిన ఇంటికీ వెళ్ళి చెప్పాను. వదిన నడుంమీద చేతులు పెట్టుకుంది.

"నాను సెప్పినప్పుడు నవ్వేరు కదా! ఇప్పుడు పుస్తకంలో కనిపించిందా?"

"గ్లాసు ఎంగిలి చెయ్యమంటే ఎవరూ ఒప్పుకోరు వదినా."

"గ్లాసెందుకు? ఆకు దొప్ప సేసుకోండి. మనిసికొకటి. తాగి పారీసేది ఎంగిలైతే ఎవుడికేటి?"

అది నాకెందుకు తోచలేదా అనుకున్నాను.

పదకొండుమందికి ఏడేసి చొప్పున డెబ్భై ఏడు దొప్పలు కావాలి. బాదం ఆకులు తెప్పించి పెద్దత్తగారి ముందు పోశాను. ఆవిడ మళ్ళీ రుచి చూడనంది. "మీరు చూడొద్దు. దొప్పలు కుట్టండి చాలు. నా దొప్పలు కారిపోతాయి" అన్నాను. అది నిజమే. ఆవిడ రెండు రోజులు కూర్చుని ఈనెపుల్లలతో డెబ్భై తొమ్మిది కుట్టింది. రెండు పాడైతే పనికొస్తాయని.

మార్చి 28, గురువారం. అంకెలన్నీ మార్చేశాను. వకీలుగారి భార్య మొదట గొడవ పెట్టింది.

"పోయిన వారం ఏడుగురు మెచ్చేరు. ఆ ఏడుగురికీ నాలుకల్లేవా?"

"ఉన్నాయండీ, వాటిని ఆ రోజు వాడలేదు" అంది మా అత్తగారు. మా అత్తగారు తన ఆడపడుచు పక్షం మాట్లాడటం నేనదే మొదటిసారి వినడం.

దొప్ప పెదవికి ఆనించాలంటే మొహం అందులోకి వంచాలి. పదిమందీ వంచారు. ఈసారి నవ్వులు లేవు. ఒకావిడ తలెత్తి, "దీన్లో ఏలకులున్నాయే!" అంది, తన ఇంట్లో ఇరవై ఏళ్ళుగా పెడుతున్న ఆసవంలో ఏలకులున్న సంగతి అప్పుడే తెలిసినట్టు. ఒకటి తీపి, కాని వెనక ఏమీ లేదు. ఒకటి పుల్లన. ఒకటి నోట్లో ఉన్నంతసేపూ మారుతూ వచ్చింది, ముందు పండు, తరవాత ఒగరు, మింగాక మిరియం. ఇవి నా మాటలు కావు, వాళ్ళు చెబుతుంటే రాసుకున్నవి.

పెద్దత్తగారు గోడకి ఆనుకుని కూర్చుంది. ఆవిడ ముందు ఏడు దొప్పలూ పెట్టి నా చోటికి వచ్చేశాను. ఆవిడ ముట్టలేదు. వాసన మటుకు అక్కడికి వస్తూనే ఉంది కదా. ముక్కుపుటాలు కదలడం చూశాను. రెండో దొప్ప తీసుకుంది. మొహం దగ్గర పెట్టుకుంది. తాగలేదు.

"దాల్చినచెక్క ఒక పొంగు ఎక్కువ మరిగింది" అంది. "మంట తియ్యడం ఆలస్యం చేశాను. ఇది నాది."

తరవాత తాగింది. పిక్క రెండో అంకె ముందు పెట్టింది. రెండో అంకె ఆవిడదే. ఆగకుండా మిగిలినవి ఒక్కొక్కటీ ఎత్తి ఎవరిది ఏదో చెప్పడం మొదలుపెట్టింది. "ఇది మీదేనమ్మా, జాడీకి పాత నెయ్యి రాశారు." "ఇది గుడ్డ సరిగా ఆరకుండా కట్టారు." ఏడింటిలో అయిదు సరిగ్గా చెప్పింది, మిగిలిన రెండూ ఒకదానికొకటి తారుమారు చేసింది. ఆరోది ఎత్తి వకీలుగారి భార్య వైపు చూసి, "బెల్లం తూకం ఎవరూ మీరలేదంటిరి?" అంది.

"ఒక్క అచ్చండీ" అంది ఆవిడ, ఎర్రబడి. "ఒక్కటే. పాకం చేదనిపించి వేసేను."

పుస్తకంలో ఆ రోజు తేదీ కింద, నియమం తప్పినవారు ఒకరు, అని ఉంది. పేరు రాయలేదు, ఆవిడ నన్ను రాయొద్దని బతిమాలింది. పిక్కలు: పెద్దత్తగారికి ఆరు, వకీలుగారి భార్యకి మూడు, ఇంకొకరికి రెండు. పూర్తి గెలుపేమీ కాదు, కాని ఏర్పాటు ప్రకారం ఆరు చాలు. తరవాత వచ్చిన ద్రాక్ష మూటలన్నీ మా చీకటి గదికే వచ్చాయి. వకీలుగారి భార్య ప్రతిసారీ వచ్చి పక్కన కూర్చుని కషాయం కలిపేది. బెల్లం తూచే పని మటుకు నేనే చూసుకున్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో పులుసు పొంగుతుంటే వెనక నుంచి, "చిటికెడు, అంతే" అని వినిపించింది. వేశాను. మా మామగారు మజ్జిగ అడగలేదు.

ఆ వ్యవహారంలో పోయినవి ఇవి. అరటి చెట్లకి పోసిన ఆసవం, పదహారు సోలలు. జాడీ మూత, ఒకటి. చింతపిక్క, ఒకటి, రెండో పరీక్ష అయ్యాక చాప కింద వెతికినా దొరకలేదు. దొప్పలు, డెబ్భై ఏడు, మిగిలిన రెండూ ఎండేదాకా నా పెట్టెలో ఉన్నాయి. ఉప్పు చెప్పేవాళ్ళు లేక తిన్న పూటలు, పధ్నాలుగు.